రేల కుడిచెయ్యి

నేను అనగనగా అంటాను, మీరు ఊఁ అనాలి. మధ్యలో లేచి పరుగెత్తకూడదు. సరేనా?

అనగనగా ఒక కొండ అడవిలో, నిలువు బండల మధ్య లోతుగా పారే వాగు ఒకటి ఉండేది. ఆ వాగు ఒడ్డున కొండముచ్చుల గుంపు కాపురముండేది. కొండముచ్చు తెలుసుగా మీకు? నల్లటి మొహం, బూడిదరంగు ఒళ్ళు, ఒంటికన్నా పొడుగు తోక. ఆ గుంపులో అందరికీ చెట్ల పేర్లే. గుంపుకి పెద్ద మారేడయ్య. అక్కాచెల్లెళ్ళు ఇద్దరుండేవాళ్ళు. అక్క పేరు తునికి. చెల్లెలి పేరు రేల.

రేల దూకుతుంటే చూడాలి! ఈ చెట్టు మీద ఉన్నట్టే ఉండేది, కళ్ళు ఆర్పి చూసేసరికి ఆ చెట్టు మీద ఉండేది. ఎవరికీ అందని చిటారుకొమ్మ చిగుళ్ళు రేలకే అందేవి. తను ఒక్కటే తినేది కూడా కాదు. ముసలివాళ్ళకి కిందికి విసిరేది. అందుకే గుంపులో అందరికీ రేల అంటే ఇష్టం.

అవి ఇప్పపూలు రాలే రోజులు. ఒకనాటి పొద్దున రేల ఎప్పటిలాగే ఒక మద్దికొమ్మ మీదికి దూకింది. ఎప్పుడూ దూకే కొమ్మే. కానీ లోపల చెదలు తినేసి డొల్ల అయిపోయిందని రేలకి తెలియదు పాపం. కొమ్మ ఫెళ్ళున విరిగింది. రేల కింద బండ మీద పడింది.

లేచి కూర్చుంది. కాళ్ళు బాగానే ఉన్నాయి. తోక బాగానే ఉంది. కుడిచెయ్యి మాత్రం భుజానికీ మోచేతికీ మధ్య ఉండకూడని చోట వంగి ఉంది.

"అక్కా!" అని ఒక్క అరుపు అరిచింది.

తునికి పొట్టకి కరుచుకున్న పసిబిడ్డతో సహా పరుగెత్తుకొచ్చింది. చెల్లెలి చెయ్యి చూసి ఏడుపు ఆపుకుంది. మారేడయ్య వెంటనే వైద్యుణ్ణి పిలిపించాడు.

ఆ అడవిలో ఎముకల వైద్యుడు వడ్రంగిపిట్ట. పేరు టకటకయ్య. ఎర్రటి జుట్టు, పొడుగాటి ముక్కు, తక్కువ మాటలు. వచ్చీ రాగానే రేల చేతి మీద ముక్కుతో టక్ టక్ అని రెండుసార్లు తట్టి, చెవి పెట్టి విన్నాడు.

"ఎముక రెండు ముక్కలైంది. ఒక ముక్క పక్కకి జరిగింది. పైపైన కట్టు కడితే వంకరగా అతుక్కుంటుంది. కోసి లోపల సరిచెయ్యాలి," అన్నాడు.

"కొయ్యాలా!" అంది తునికి.

"ఇదీ వడ్రంగం పనేనమ్మా. చెక్క విరిగితే మేకు కొడతాం. ఎముక విరిగితే ముల్లు పెడతాం."

ముళ్ళపందిని అడిగితే వీపు మీద నుంచి మంచి ముల్లొకటి పీకి ఇచ్చింది. గూడు అల్లే గిజిగాడు తాటినార తెచ్చుకుని కుట్లు వెయ్యడానికి వచ్చాడు. మత్తు కోసం రేల చేత దోసెడు ఇప్పపూలు తినిపించారు. కాసేపటికి రేలకి ఆకాశం గిరగిరా తిరిగింది. "అక్కా, నాకు రెండు తోకలున్నాయి," అని నవ్వి నిద్రలోకి జారుకుంది.

టకటకయ్య కోశాడు. ఎముకని సరిచేశాడు. ముల్లు పెట్టి బిగించాడు. గిజిగాడు తొమ్మిది కుట్లు వేశాడు. రేల కళ్ళు తెరిచేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. చేతికి ఆకుల కట్టు ఉంది.

టకటకయ్య చెప్పాడు: "పది రోజులు చెయ్యి కదపకు. వేళ్ళు మాత్రం ఆడిస్తూ ఉండు. పదకొండో రోజు కట్టు తీసి, కొండ మీద ఉడుం బండమ్మ దగ్గరికి వెళ్ళు. చేతికి మళ్ళీ పని నేర్పడం ఆవిడకి తెలుసు. నేను చేసింది సగం పనే. మిగతా సగం నువ్వు చెయ్యాలి."

"అలాగేనండీ," అంది రేల.

పది రోజులు గడిచాయి. పదకొండో రోజు కట్టు విప్పారు. రేల తన చెయ్యి తనే గుర్తుపట్టలేకపోయింది. ఎండిన మునక్కాడలా సన్నబడిపోయింది. కోసిన చోట వెంట్రుకలు లేవు. గులాబీరంగు గీత ఒకటి ఉంది. కాస్త కదిపి చూసింది. కలుక్కుమంది.

"అమ్మో!" అని చెయ్యి గుండెకి హత్తుకుంది. "లోపల ముల్లు విరిగిపోతుందేమో అక్కా! అతుక్కున్న ఎముక ఊడిపోతుందేమో!"

తునికికి జాలేసింది. "నొప్పిగా ఉంటే ఇవాళ వెళ్ళొద్దులే. రేపు వెళ్దువుగాని," అంది.

రేపు వచ్చింది. ఆ రేపు కూడా నొప్పే. ఆ తర్వాతి రేపు కూడా నొప్పే. తునికి చిగుళ్ళు తెచ్చి చెల్లెలి నోటికి అందించేది. వీపు దురద పెడితే గోకేది. మిగతావాళ్ళు కూడా "పాపం రేల, పాపం రేల" అంటూ పళ్ళు తెచ్చి ఒళ్ళో పెట్టేవారు. రేల చెయ్యి గుండెకి హత్తుకుని అలాగే కూర్చునేది.

అలా నెల తిరిగింది. నొప్పి తగ్గింది. కానీ ఒకరోజు రేల చెయ్యి చాపుదామనుకుంటే అది సాగలేదు. మోచెయ్యి మడత మడతలాగే బిగుసుకుపోయింది. భుజం తలుపు గడియ తుప్పు పట్టినట్టు పట్టేసింది. రేలకి భయం వేసింది. కానీ ఎవరికీ చెప్పలేదు. చెపితే బండమ్మ దగ్గరికి వెళ్ళమంటారు కదా!

ఇంతలో ఒక సాయంత్రం మారేడయ్య గుంపునంతా పిలిచాడు.

"తొలకరికి ఇంకా నలభై ఐదు రోజులుంది," అన్నాడు. "వానలు మొదలైతే మన నెత్తిన ఉన్న కొండచరియ జారుతుందని మీకు తెలుసు. పోయినేడు మూడు చెట్లు మట్టిలో కూరుకుపోయాయి. ఎప్పటిలాగే వానలు పడేలోపు వాగు దాటి అవతలి ఒడ్డుకి పోవాలి."

వాగు దాటడానికి దారి ఒక్కటే. ఒకచోట ఈ ఒడ్డున నేరేడుచెట్టు, ఆ ఒడ్డున మద్దిచెట్టు ఎదురెదురుగా ఉన్నాయి. నేరేడు కొమ్మ చివర నుంచి దూకి మద్దికొమ్మ పట్టుకోవాలి. పట్టు తప్పితే కింద బండలు, నీళ్ళు. ఒకరు ఇంకొకరిని మోసుకుని దూకేంత తక్కువ దూరం కాదది. పొట్టకి కరుచుకున్న పసివాళ్ళంటే సరే.

అందరూ రేల వైపు చూశారు. చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

తునికి లేచి నిలబడింది. "మీరంతా దాటండి పెద్దయ్యా. నేను చెల్లెలితో ఇక్కడే ఉంటాను."

"పసిబిడ్డతోనా? చరియ కిందా?" అన్నాడు మారేడయ్య.

"అవును. చెల్లెల్ని వదిలి ఎలా పోను?"

తునికి బిడ్డ రెండు నెలలది. అమ్మ పొట్టకి అంటుకుని, ఏమీ తెలియక వేలు చప్పరిస్తోంది. రేల ఆ బిడ్డని చూసింది. తన చేతిని చూసుకుంది. ఇన్నాళ్ళూ నొప్పి తనదే అనుకుంది. దాని బరువు ఇప్పుడు ఆ పసిదాని మీద కూడా పడబోతోంది.

తెల్లారగానే ఎవరూ చెప్పకుండానే లేచింది. మూడు కాళ్ళ మీద కుంటుతూ కొండ ఎక్కింది.

ఉడుం పట్టు అంటారు విన్నారా? ఉడుము ఒకసారి బండని పట్టుకుందంటే పదిమంది లాగినా వదలదు. బండమ్మ అలాంటి ఉడుమే. బాగా ముసలిది. ఒంటి నిండా ముడతలు. కొండ కొమ్మున నున్నటి బండ మీద ఎండ కాచుకుంటోంది.

"నువ్వేనా రేలంటే? పదకొండో రోజు వస్తానన్నావట. ఇవాళ నలభై ఒకటో రోజు," అంది కళ్ళు తెరవకుండానే.

రేల తల దించుకుంది. "భయం వేసింది అత్తా."

"భయం వెయ్యదూ మరి! కోసిన చెయ్యి. ఇలా వచ్చి ఎండలో కూర్చో. ముందు ఒళ్ళు కాగనీ." రేల కూర్చున్నాక అడిగింది. "ఈ చేత్తో నీకేం కావాలి?"

"వాగు దాటాలి."

"అది చాలా దూరం. దగ్గరిది చెప్పు."

రేల ఆలోచించింది. "పండు నోటికి అందితే చాలు. అక్క తినిపించకుండా."

"ఆఁ, అదీ మాట! దాంతో మొదలు పెడదాం."

బండమ్మ మూడు పనులు నేర్పింది. మొదటిది ఊయల. నడుం వంచి, కుడిచెయ్యి కిందికి వేలాడేసి, ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపడం. రెండోది చీమనడక. బండ వారన నిలబడి, వేళ్ళని చీమల్లా ఒకదాని వెనక ఒకటి పైకి నడిపించడం. మూడోది మట్టిముద్ద. తడి బంకమట్టిని అరచేతిలో పెట్టుకుని పిసకడం.

మొదటి రోజు రేల వేళ్ళు తన నడుం ఎత్తు దాకా నడిచాయి. అంతే. అక్కడ భుజం పట్టేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నొప్పి అత్తా!"

"ఎలాంటి నొప్పి? లాగుతోందా, పొడుస్తోందా?"

రేల ఒక్క క్షణం లోపలికి చూసుకుంది. "లాగుతోంది."

"లాగితే మంచిదే. బిగిసింది వదులవుతోంది. ఒక్క ఊపిరి తీసుకుని ఇంకో వేలు ఎత్తు. పొడిస్తే మాత్రం ఆగు. ఎవరు చెప్పినా ఆగు, నేను చెప్పినా సరే. ఈ రెండు నొప్పులకీ తేడా తెలుసుకున్నావంటే సగం వైద్యం అయినట్టే."

రేల వేళ్ళు ఎంత ఎత్తుకి వెళ్ళాయో అక్కడ బండమ్మ ఎర్రమట్టితో ఒక గీత గీసింది.

మర్నాడు అదే గీత దగ్గర ఆగింది. ఆ మర్నాడూ అక్కడే. నాలుగో రోజు గీత కన్నా కిందే ఆగింది!

"ఇదేంటత్తా, వెనక్కి పోతున్నాను!"

"నిన్న బాగా చేశావు కాబట్టి ఇవాళ కండ అలిసింది. గీత రోజూ పైకి ఎక్కాలని రూలేమైనా ఉందా? రోజూ రావాలి, అంతే."

రోజూ వచ్చింది. అయిదో రోజు గీత వేలెడు పైకి జరిగింది. ఏడో రోజు ఇంకో వేలెడు. బండమ్మ ఇంకో పని కూడా పెట్టింది. "ఒక్క చెయ్యే కాదమ్మాయ్. నెల రోజులు కూర్చుని నీ కాళ్ళు కూడా బద్ధకం నేర్చుకున్నాయి. వచ్చేటప్పుడు కొండ చుట్టూ తిరిగి రా." మొదట్లో సగం దారికే రేలకి రొప్పు వచ్చేది. పోనుపోను ఆగకుండా ఎక్కడం వచ్చింది.

పన్నెండో రోజు పొద్దున తునికి ఎప్పటిలాగే పాలపండు తెచ్చి చెల్లెలి నోటికి అందించబోయింది.

"ఆగక్కా. నా చేతిలో పెట్టు. ఈ చేతిలో."

రేల పండు పట్టుకుంది. మోచెయ్యి కొంచెం వంచింది. ఇంకొంచెం వంచింది. మెడ కాస్త ముందుకు చాపింది. పండు నోటికి అందింది! రసం గడ్డం మీదుగా కారింది. రేల నమలడం మరచిపోయి ఏడ్చింది. తునికి కూడా ఏడ్చింది. పసిదానికి ఏం అర్థమైందో గానీ అదీ రాగం అందుకుంది.

అప్పటి నుంచి రేలకి హుషారు వచ్చేసింది. పిల్లలూ, హుషారు మంచిదే. కానీ దానికి పగ్గం ఉండాలి.

ఇరవయ్యో రోజు గీత భుజం ఎత్తు దాటింది. ఆ మధ్యాహ్నం గుంపంతా నీడన కునుకు తీస్తుంటే రేల ఒంటరిగా ఒక చెట్టెక్కింది. "ఈపాటికి చేతికి సత్తువ వచ్చేసే ఉంటుంది. బండమ్మత్త మరీ ముసలిది కదా, అందుకే ఇంత మెల్లగా చేయిస్తోంది," అనుకుంది. కుడిచేత్తో కొమ్మ పట్టుకుని, ఎడమచెయ్యి వదిలేసి, ఒంటి బరువంతా దాని మీద వేసి వేలాడింది.

కత్తితో పొడిచినట్టయింది. కేక కూడా రాలేదు. ఎలా కిందికి దిగిందో ఆమెకే తెలియదు. సాయంత్రానికి చెయ్యి ఉబ్బి తాటిపండులా అయింది.

మర్నాడు కొండ ఎక్కలేదు. ఆ మర్నాడూ ఎక్కలేదు. ఏ మొహంతో వెళ్తుంది? "అంతా పాడు చేసుకున్నాను. ఇక ఈ చెయ్యి ఇంతే," అని గుబురు కొమ్మల్లో దాక్కుంది.

మూడో రోజు చెట్టు కింద ఎండుటాకులు గరగరలాడాయి. తొంగిచూస్తే బండమ్మ! కొండ కొమ్ము నుంచి పొట్ట ఈడ్చుకుంటూ కిందికి దిగి వచ్చింది. పక్కనే టకటకయ్య.

రేల మెల్లగా దిగి వచ్చి జరిగింది చెప్పేసింది. తిట్లు పడతాయని కళ్ళు మూసుకుంది.

టకటకయ్య టక్ టక్ అని తట్టి విన్నాడు. రేలకి ఆ కాసేపూ యుగంలా గడిచింది.

"ముల్లు కదలలేదు. ఎముక బాగానే అతుకుతోంది. కండకే దెబ్బ తగిలింది," అన్నాడు చివరికి. "అయిదు రోజులు చల్లటి మట్టిపట్టీ వెయ్యి. వేళ్ళు మాత్రం ఆడించు. వాపు తగ్గాక మళ్ళీ మొదలు పెట్టు." అంతే. ఎగిరిపోయాడు.

రేల బండమ్మ వైపు చూసింది. "తిట్టు అత్తా."

"నిన్ను నువ్వే రెండు రోజులుగా తిట్టుకుంటున్నావు. నేనెందుకు ఇంకా?" అంది బండమ్మ. "ఎప్పుడో నేను కూడా వెనకకాలు విరగ్గొట్టుకున్నాను. బాగవకుండానే బండలెక్కి మళ్ళీ విరగ్గొట్టుకున్నాను. ముసలిదాన్ని కాబట్టి మెల్లగా చేయించడం లేదమ్మాయ్. కుర్రదనంలో చేసిన తప్పు గుర్తుంది కాబట్టి చేయిస్తున్నాను."

రేల సిగ్గుపడింది. "మళ్ళీ మొదటి నుంచేనా?"

"మొదటి నుంచీ కాదు, మొన్న ఆపిన చోటి నుంచీ కాదు. ఇవాళ ఎక్కడున్నావో అక్కడి నుంచి. మట్టిముద్ద ఏది?"

అయిదు రోజుల తర్వాత రేల మళ్ళీ కొండ ఎక్కింది. గీత నాలుగు వేళ్ళు కిందికి దిగింది. ఈసారి ఏడవలేదు. ఊయల ఊగింది. చీమల్ని నడిపించింది. మట్టి పిసికింది. చెయ్యి పొడిస్తే ఆగింది. లాగితే ఊపిరి తీసుకుని ఇంకో వేలు ఎత్తింది. వారం తిరిగేసరికి పోగొట్టుకున్నదంతా వచ్చింది. ఆ తర్వాత కొత్తది రావడం మొదలైంది.

కానీ ఆ ఏడాది మబ్బులు ముందే వచ్చాయి. ఇంకా పది రోజులుందనుకుంటుండగానే పడమటి కొండల మీద ఆకాశం నల్లబడింది. మారేడయ్య గాలి వాసన చూసి, "మూడు రోజుల్లో దాటాలి," అన్నాడు.

రేల పరుగున బండమ్మ దగ్గరికి వెళ్ళింది. కుడిచెయ్యి పైకెత్తి చూపించింది. చెయ్యి చెవి దాకా వెళ్ళింది. తల పైకి పోలేదు.

"మద్దికొమ్మ పట్టుకోవాలంటే తల మీదికి పోవాలి అత్తా. ఎప్పుడూ అలాగే పట్టుకునేదాన్ని, పైకొమ్మని, ఒంటి చేత్తో. ఇక నావల్ల కాదు."

"కాదు," అంది బండమ్మ. "ఆ పట్టు ఇప్పుడు నీ దగ్గర లేదు. లేనిది పక్కన పెట్టి ఉన్నదేంటో చెప్పు."

రేల తడబడింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. "కొండ ఎక్కీ ఎక్కీ కాళ్ళకి సత్తువ వచ్చింది. ఎడమచెయ్యి బాగుంది. కుడిచెయ్యి భుజం ఎత్తు దాకా గట్టిగా ఉంది. వేళ్ళ పట్టు ఉంది."

"ఆ మద్దిచెట్టుకి ఎన్ని కొమ్మలు?"

"పైదొకటి. దాని కింద, రెండు బారల కిందికి, లావుది ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పట్టుకోరు. చేతికి ఇమడదు."

"చేతికి ఇమడకపోతే ఎలా పట్టుకోవాలి?"

రేల బండ మీద పరుచుకుని ఉన్న బండమ్మని చూసింది. నాలుగు కాళ్ళతో, పొట్టతో, గడ్డంతో బండని కావలించుకుని ఉంది.

"నీలాగా!" అంది రేల.

ఆ మూడు రోజులూ కొండ కింద గడ్డి మీద, ఒక లావుపాటి వంగిన మాను దగ్గర రేల దూకడం నేర్చుకుంది. పట్టుకోవడం కాదు, కావలించుకోవడం. రొమ్ము మానుకి తగలగానే రెండు చేతులూ చుట్టెయ్యడం, వేళ్ళు బెరడులో గుచ్చెయ్యడం. మొదటి రోజు అన్నిసార్లూ జారి గడ్డిలో పడింది. రెండో రోజు సగం సార్లు నిలిచింది. మూడో రోజు ఒక్కసారే జారింది. మధ్యమధ్యలో చేతికి విశ్రాంతి ఇచ్చింది. ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

దాటే రోజు వచ్చింది. పొద్దున్నే చినుకులు మొదలయ్యాయి. ఎగువన వాన పడిందేమో, వాగులో నీళ్ళు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి. మారేడయ్య ముందు దూకాడు. తర్వాత ఒక్కొక్కరే. చివరికి అక్కాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారు.

"నువ్వు ముందు దూకు చెల్లీ. నువ్వు దాటాకే నేను," అంది తునికి.

"వద్దక్కా. నువ్వే ముందు. పసిదాన్ని తీసుకుని వెళ్ళు."

"నువ్వు దూకలేకపోతే?"

రేల అక్క మొహాన్ని కుడిచేత్తో పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా, గట్టిగా ఉంది. "ఇన్నాళ్ళూ నా నోటికి అన్నీ అందించావు. ఈ ఒక్కటీ నన్నే అందుకోనీ."

తునికి బిడ్డని గట్టిగా పొదువుకుని దూకింది. మద్దికొమ్మ ఊగింది. అందింది. వెనక్కి తిరిగి కొమ్మకి వేలాడుతూ చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు నేరేడు కొమ్మ మీద రేల ఒక్కటే. పైకొమ్మ కనిపిస్తోంది, అలవాటైన కొమ్మ. ఒక్క క్షణం కళ్ళు అటే పోయాయి. బలవంతాన కిందికి దించింది. లావుకొమ్మ తడిసి నల్లగా ఉంది.

వెనక కొండ మీద నుంచి బండమ్మ గొంతు వినిపించింది. "ఊపిరి తీసుకో!"

రేల ఊపిరి తీసుకుంది. కాళ్ళు కూడగట్టుకుంది. దూకింది.

రొమ్ము కొమ్మకి ధబ్బున తగిలింది. ఎడమచెయ్యి చుట్టుకుంది. తడి బెరడు మీద కుడిచెయ్యి జారింది. కాళ్ళు గాల్లో ఉన్నాయి. కింద ఎర్రనీళ్ళు హోరుమంటున్నాయి. కుడిచెయ్యి ఇంకా జారింది. లాగుతోంది. లాగుతోంది గానీ పొడవడం లేదు! రేల ఒక్కొక్క వేలూ ముందుకు నడిపించింది. చూపుడువేలికి బెరడు పగులొకటి దొరికింది. అక్కడ గుచ్చింది. పక్క వేలు. దాని పక్క వేలు. బిగించింది.

కొమ్మ కదల్లేదు. రేల కదల్లేదు.

తర్వాత మెల్లగా కాళ్ళు పైకి తెచ్చుకుని కొమ్మ మీద బోర్లా పడుకుంది. గుంపంతా ఒక్కసారి కేకలు పెట్టింది. తునికి పైకొమ్మ నుంచి దూకి వచ్చి చెల్లెలి వీపు మీద తల పెట్టింది. ఇద్దరూ వానలో తడుస్తూ అలాగే ఉండిపోయారు.

"చేతికేమైనా అయిందా?" అని అడిగింది తునికి చాలాసేపటికి.

రేల చెయ్యి చాపింది, ముడిచింది. "నొప్పిగా ఉంది. కానీ ఇది నాకు తెలిసిన నొప్పే అక్కా," అంది.

ఎనిమిది రోజుల తర్వాత కొండచరియ జారింది. చప్పుడు అవతలి ఒడ్డుకి కూడా వినిపించింది. వాళ్ళుండే చెట్లలో రెండు మట్టి కిందికి పోయాయి. బండమ్మకేం కాలేదు. ఆవిడ ఉండేది చరియకి పైన, గట్టి బండ మీద. వాన తెరిపిచ్చినప్పుడల్లా వాగుకి ఇటు నుంచి రేల, అటు నుంచి బండమ్మ ఒకరినొకరు కేకేసి పలకరించుకునేవారు.

రేల చెయ్యి పూర్తిగా మునుపటిలా అయిందా అంటే, కాలేదు పిల్లలూ. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి? ముసురు పట్టిన రోజుల్లో సలుపుతుంది. చిటారుకొమ్మ ఇప్పటికీ ఒకోసారి అందదు. అందనప్పుడు కింది కొమ్మ వెతుక్కుంటుంది. కానీ తన పండు తను కోసుకుంటుంది, ముసలివాళ్ళకీ కోసి ఇస్తుంది. తునికి కూతురు నడక నేర్చుకునేటప్పుడు పడబోతే పట్టుకున్నది ఆ కుడిచెయ్యే.

నీతి: దెబ్బకి వైద్యం చేసేది వైద్యుడే, పోయిన సత్తువ తెచ్చుకోవాల్సింది మాత్రం మనమే, భయంతో ఆగిపోకుండా, తొందరతో ఎగబడకుండా, రోజూ కొంచెం చేస్తే చాలు.